మీ పెట్ – మా డాక్టర్: నాన్నకి చేతికర్రగా గ్రేట్ డేన్ పనికొస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్కారం అండి. మాది ఆమదాలవలస. పోయినేడు నాన్నకి పక్షవాతం వచ్చి ఎడం చెయ్యి, ఎడం కాలు పట్టు తప్పేయి, ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తన్నారు. నేను వైజాగ్‌లో జాబ్, వారానికోసారి వస్తాను. నాన్నకి తోడుంటాదని గ్రేట్ డేన్ పిల్లని తెచ్చాను, పేరు భీముడు, ఇప్పుడు ఎనిమిది నెల్లు, అప్పుడే తల డైనింగ్ టేబుల్ మీదకొచ్చేస్తంది. నాన్న మంచం మీంచి లెగాలంటే దాని నడుం మీద చెయ్యేసి లెగుస్తన్నారు, అది కూడా కదలకుండా నిలబడతాది. అమ్మేమో ఈ గుర్రానికి వండలేక నా నడుం పోతందని గోల. ఫారిన్‌లో సర్వీస్ డాగ్స్ అంటారు కదండి, మావోడిని అలా చెయ్యొచ్చా? బలానికి కాల్షియం సిరప్ పోస్తన్నాం, చాల్తాదా?

జవాబు: బాబూ, ఈ వారం ఇంటికెళ్లగానే ముందు నాన్నగారి చెయ్యి భీముడి నడుం మీంచి తీయించండి. చూడ్డానికి దున్నపోతంత ఉన్నా వాడింకా పిల్లాడే, ఇంత పెద్ద జాతుల్లో ఎముకల చివర్లో పెరిగే భాగం, గ్రోత్ ప్లేట్లంటాం, అవి గట్టిపడేసరికి 18 నుంచి 24 నెలలు పడుతుంది, ఈలోపు రోజూ మనిషి బరువు పడితే తుంటి కీలూ వెన్నూ రెండూ పాడవుతాయి. రెండేళ్లు నిండాక తుంటికీ మోచేతులకీ ఎక్స్‌రే తీయించి బాగున్నాయని డాక్టరు చెప్తే అప్పుడైనా నడుం మీద చెయ్యెయ్యడం కాదు, భుజాల మీద కూర్చునే గట్టి హ్యాండిల్ ఉన్న హార్నెస్, అంటే కుక్క ఒంటికి కట్టే పట్టీల తొడుగు, వాడాలి, అది కూడా నడిచేటప్పుడు తూలకుండా ఉండటానికే. మంచం మీంచి లేవడానికి కుక్క అక్కర్లేదు, పక్కన గోడకి ఒక స్టీల్ రాడ్ బిగించండి, కార్పెంటర్‌కి గంట పని.

మీ ఆలోచన తప్పని కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఇప్స్‌విచ్‌లో సర్వీస్ డాగ్ ప్రాజెక్ట్ అని ఉంది, గ్రేట్ డేన్లనే పెంచి నేర్పించి నడకలో తూలేవాళ్లకి ఇస్తారు. డేన్ ఎందుకంటే ఎత్తు, మగదైతే భుజం దగ్గరే 30 అంగుళాలు దాటుతుంది కాబట్టి మనిషి వంగకుండా హ్యాండిల్ అందుతుంది. కానీ మీ ఇంట్లో చిక్కు వేరే ఉంది, మీరు చూసుకున్నట్టు లేరు. నాన్నగారికి పనిచేసే చెయ్యి ఒక్కటే. ఆ చేతిలో కర్ర ఉండాలా, కుక్క ఉండాలా? నన్నడిగితే కర్రే. ఫిజియోథెరపిస్టు కాదంటే అప్పుడు చూద్దాం. అలాగే పక్షవాతం తగిలిన చేతికి గొలుసు చుట్టుకుని ఆయన వాడిని వీధిలోకి తీసుకెళ్లకూడదు. మన వీధుల్లో నాలుగు ఊరకుక్కలు మీదికొచ్చాయంటే అరవై కిలోల డేన్ ఒక్క ఊపు ఊపితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పట్నుంచే నేర్పగలిగేవి వేరే ఉన్నాయి. కింద పడ్డ కర్ర, తువ్వాలు నోటితో అందించడం, "అమ్మని పిలు" అంటే వంటింట్లోకెళ్లి మొరగడం, గుమ్మం దగ్గర ఆయన దాటేదాకా ఆగడం. తెలుగులోనే చెప్పండి, ఇంట్లో అందరూ ఒకటే మాట వాడితే చాలు, ఒకరు ఆగు ఇంకొకరు స్టే అంటే వాడు ఇద్దరి మాటా వినడు. ఇంకోటి, టైల్స్. తడిగుడ్డ పెట్టిన టైల్స్ మీద డేన్ కాళ్లు నాలుగు వైపులా జారిపోతాయి, ఆ టైంలో నాన్నగారు పక్కనుంటే ఇద్దరూ పడతారు. మంచం నుంచి బాత్రూం దాకా రబ్బరు మ్యాట్లు వెయ్యండి.

కాల్షియం ఇవాళే ఆపెయ్యండి. పెద్ద జాతి పిల్లలకి కాల్షియం ఎక్కువైతే ఎముకలు బలపడవు, వంకర పోతాయి. లార్జ్ బ్రీడ్ పప్పీ ఫుడ్ పెడితే కావలసింది అందులోనే ఉంటుంది. ఇంటి తిండే పెట్టాలంటే కొలత డాక్టరుతో రాయించుకోండి. పక్కటెముకలు చేతికి తగిలేంత సన్నగా ఉంచండి, చుట్టాలు "ఏటి బాబూ కుక్కకి తిండెట్టట్లేదా" అంటారు, అననివ్వండి.

ఇక ఇది అమ్మకి కూడా చదివి వినిపించండి. డేన్లని ఎక్కువగా చంపే వాటిల్లో కడుపు ఉబ్బి మెలిపడటం ఒకటి. తిన్నాక ఓకరిస్తుంది, వాంతి రాదు, నురగే వస్తుంది, పొట్ట బిగుసుకుంటుంది, పడుకోలేక అటూఇటూ తిరుగుతుంది. గ్యాస్ అనుకుని వాము నీళ్లో ఈనోనో పట్టి తెల్లారనిద్దాం అంటారు, తెల్లారదు. గంటల్లో ఆపరేషన్ అవ్వాలి. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, వైజాగ్‌లో పెట్ క్లినిక్‌లు ఉన్నాయి, రాత్రి పదకొండుకి ఎవరు సర్జరీ చేస్తారో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కుని, వచ్చే కారు డ్రైవర్ నంబరుతో కలిపి ఫ్రిజ్ మీద అంటించండి. మీరు వైజాగ్‌లో ఉంటారు కాబట్టి ఆ పని అమ్మ చేయగలిగేలా ఉండాలి. రోజుకి రెండు మూడు సార్లు కొంచెం కొంచెం పెట్టండి, తిన్నాక గంటైనా పరుగులు వద్దు. స్టాండ్ మీద గిన్నె పెట్టి ఉంటే తీసెయ్యండి, పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు 2000లో చేసిన స్టడీలో ఎత్తు గిన్నెలతో ఈ ముప్పు పెరిగినట్టే కనపడింది. పిల్లలు పుట్టకుండా వృషణాలు తీసే ఆపరేషన్ ఎలాగూ చేయిస్తే అప్పుడే కడుపుని లోపలి గోడకి కుట్టెయ్యమని అడగండి, గ్యాస్ పట్టినా మెలిపడటం చాలా అరుదు.

డేన్ బతికేది ఏడు నుంచి పదేళ్లు. అందులో రెండేళ్లు పెరగడానికే పోతాయి, చివర్లో వాడినే మీరు లేపాలి. కాబట్టి వాడు నాన్నగారికి తోడు మాత్రమే, నడవడానికి కర్ర వేరే ఉంది, అలా అనుకోండి.

ప్రశ్న: మేడమ్/సర్, విజయనగరం నుంచి రాస్తున్నాను. మా పాపకి తోడుగా సెయింట్ బెర్నార్డ్ ఉంది. ఆన్‌లైన్‌లో సర్వీస్ డాగ్ సర్టిఫికెట్, జాకెట్ అమ్ముతున్నారు, కొంటే ట్రైన్‌లో మాతో కూర్చోబెట్టుకోనిస్తారా?

జవాబు: కొనకండమ్మా. అమెరికాలోనే ఆ సర్టిఫికెట్లకి విలువ లేదు, అక్కడి చట్టం ప్రకారం వైకల్యం ఉన్న మనిషికి ఫలానా పని చేసేలా నేర్పిన కుక్కే సర్వీస్ డాగ్, పక్కనుంటే ధైర్యంగా ఉంటుందంటే సరిపోదు. మన రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే గానీ కేబిన్ గానీ మొత్తం మీకే బుక్ అవ్వాలి, లేకపోతే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్. సెయింట్ బెర్నార్డ్‌ని ఆ పెట్టెలో ఊహించుకోండి. పైగా అది ఆల్ప్స్ మంచులో పుట్టిన జాతి, మన ఉక్కలో మే నెల ప్రయాణం అసలు పెట్టుకోవద్దు. వగర్పు ఆగకుండా, చొంగ కారుతూ తూలుతుంటే ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి ఫ్యాన్ కింద పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి.

ప్రశ్న: రాజాం నుంచి అండి. మా మాస్టిఫ్ తిండి మానేసింది, ముక్కులోంచి రక్తం వస్తంది, వేడి చేసిందంటున్నారు.

జవాబు: వేడి కాదు, ముందు గోమార్ల (పిడుదుల) జ్వరమే అనుమానించాలి. మీ ఉత్తరం చూడగానే ఫోన్‌లో చెప్పాం, మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా. అదే రోజు రక్తపరీక్ష చేయించండి, ప్లేట్‌లెట్లు చూస్తారు. మనుషుల జ్వరం బిళ్లలు, నొప్పుల బిళ్లలు ఇంట్లో ఉన్నాయి కదా అని వెయ్యకండి. గోమార్లు చెవుల లోపల, వేళ్ల సందుల్లో ఉంటాయి, కుక్కకి మందు వేసి ఊరుకుంటే చాలదు, అది పడుకునే చోట గోడ పగుళ్లలో కూడా కొట్టించాలి.