సుగ్గి ముందే ముగిస్తే

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోసిగి ప్రాంతం. ఏటా సంక్రాంతి దాటగానే ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు పోతాం. 2025లో ధర పడిపోయిందని రైతు రెండో కోతతోనే చేను వదిలేస్తే ముందుగానే తిరిగి వచ్చేశాం. ఊళ్లో పని లేదు. మాలాంటివారిని నిరుద్యోగులంటారా? ఈ కూలి ఇక ముందు నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ప్రభుత్వ సర్వేలు వాడే సాధారణ స్థితి లెక్కలో, ఏడాదిలో ఎక్కువ కాలం పని లేకపోయినా 30 రోజులు పనిచేసినవారిని ఉపాధి ఉన్నవారిగానే రాసుకుంటారు. కాబట్టి నెలన్నర పాటు వంగి కాయ కోసి, రాత్రి మండే చేతులకు కొబ్బరినూనె రాసుకుని గుడారంలో పడుకున్న మీరు, ఆ తర్వాత ఎన్ని నెలలు పని లేక కూర్చున్నా ఆ లెక్కలో నిరుద్యోగి కారు. ఇది అన్యాయమనే నేను నమ్ముతున్నాను.

మిరప ఒక్కసారిగా పండదు, విడతలుగా కోయాలి. అందువల్ల మనుషుల అవసరం పోలేదు గాని, అది ధరను బట్టి పెరిగి తగ్గుతుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. అది రైతు నష్టానికి ఎంతో కొంత ఆసరా. కోయకుండా చేలో వదిలేసిన కాయతో పాటు పోయిన మీ కూలికి అలాంటి ఆసరా ఏదీ లేదు. వలస కార్మికులకు ప్రయాణ భత్యం ఇవ్వాలన్న 1979 నాటి చట్టం కూడా రాష్ట్రం దాటినవారికే వర్తించింది. కాబట్టి కూలి రోజుకా, కిలోకా, పని మధ్యలో ఆగితే తిరుగు ఛార్జీలు ఎవరు పెట్టుకోవాలి అన్నవి బండి ఎక్కకముందే, పదిమంది ఎదుట, మిమ్మల్ని కూలికి తీసుకెళ్లే మేస్త్రీతో తేల్చుకోండి.

ఊరు చేరిన మర్నాడే ఉపాధి హామీ పని కోసం కాగితం మీద దరఖాస్తు పెట్టి, తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే నిరుద్యోగ భృతి మీ హక్కు. నోటిమాటగా అడిగి ఊరుకుంటే, అసలు అడగలేదనే అంటారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఉపాధి హామీ చట్టం ఏడాదికి ఇచ్చే పనిదినాలను 100 నుంచి 125కు పెంచింది గాని, సాగు పనులు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులు ఈ పనులు నిలిపివేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. మీ మండలంలో ఆ రోజులు ఎప్పుడు పడతాయో సుగ్గికి బయలుదేరే ముందే పంచాయతీలో కనుక్కోండి.