చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు ఉన్న బృందానికి సాక్సోఫోన్‌తో ఎలా రాయాలి?

ఆల్టో సాక్సోఫోన్ వాయిస్తూ సొంత రచనలు మొదలుపెట్టానని మీరన్నారు. చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు కూడా ఉండే బృందానికి స్వరలిపి ఎలా రాయాలని అడిగారు. హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా నేను చేస్తున్నది అదే. స్వరలిపి సంగతి తర్వాత, ముందు తల ఊపడం మానుకోండి.

నవ్వులాటకు అనడం లేదు. మా మొదటి రిహార్సల్ చిక్కడపల్లిలో ఒక స్నేహితుడి మేడ మీద గదిలో. మృదంగం వాయించే తమ్ముడికి చూపు లేదు. అలవాటుకొద్దీ తల ఊపి ఎత్తుకుంటే నేనొక్కణ్ణే మోగాను. మూడుసార్లూ అంతే. చివరికి అతనే, "అన్నా, ఊదేముందు గాలి లాగుతావు కదా, అది కొంచెం గట్టిగా లాగు, చాలు" అన్నాడు. ఇప్పుడు మేం పాట ఎత్తుకోవడానికి సైగ అదే. ఆ లాగడం కూడా తాళం నడకలోనే ఉండాలి, లేకపోతే అందరం తడబడతాం. ఒకప్పుడు రికార్డింగుల్లో ఆ చప్పుడు కోసేసేవాణ్ణి.

1829లో లూయీ బ్రెయిలీ వేసిన పుస్తకంలోనే చుక్కలతో సంగీతం రాసే పద్ధతి ఉంది. మావాళ్లెవరికీ అది రాదు, అందరూ విని నేర్చుకున్నవాళ్లే. ఒక్కొక్కరి భాగం విడిగా ఊది వాట్సాప్‌లో పంపుతాను.

డప్పు వాయించే అమ్మాయికి వినపడదు. బెలూన్‌ను మోకాళ్ల మధ్య పెట్టుకుని నా సాక్సోఫోన్ బెల్‌కు, అంటే వెడల్పాటి మూతికి, ఎదురుగా కూర్చుంటుంది. అన్నిటికన్నా కింది స్వరం ఊదితే రంధ్రాలన్నీ మూసుకుపోయి శబ్దం బెల్‌లోంచే వస్తుంది, బెలూన్ వణుకుతుంది. వణుకు ఆగగానే ఆమె దరువు. పై స్థాయికి వెళ్తే 'ఏమీ లేదు' అని చెయ్యి ఊపింది. దాంతో నాకెంతో ఇష్టమైన భాగం కొట్టేసి కింది స్థాయిలో మళ్లీ రాశాను. రెండు రోజులు అన్నం సయించలేదు కానీ, రచన మాత్రం బాగుపడింది.

వాద్యాన్నే మార్చుకోవచ్చు కూడా. గమకాల కోసం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుతూ పలికించడం కోసం, కర్ణాటక సంగీతం వాయించిన సాక్సోఫోన్ విద్వాంసుడు కద్రి గోపాలనాథ్ తన వాద్యాన్ని మార్చుకున్నారు. ఒంటి చేత్తో వాయించే సాక్సోఫోన్ అమెరికాలో తయారైంది.

ఇక హాలు. 'ర్యాంప్ ఉందా' అని ఫోన్‌లో అడిగి ఊరుకోకండి. మాకు ఉందనే చెప్పారు, నిజంగానే ఉంది, ప్రేక్షకుల గుమ్మం దగ్గర. వేదికకు ఏడు మెట్లు. కీబోర్డు వాయించే అక్కను వీల్‌చైర్‌తో సహా నలుగురం ఎత్తాం. ఆ రోజంతా ఆవిడ నాతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు స్వయంగా వెళ్లి మెట్లు చూసొచ్చాకే అడ్వాన్స్ ఇస్తున్నాను.