టెక్ సందేహాలు: తీసేసినవన్నీ అనవసరమైనవేనా?

ఈసారి అందిన ఉత్తరాల్లో వస్తువులు వేరైనా ఫిర్యాదు దాదాపు ఒకటే. నిన్నమొన్నటి వరకు అందుబాటులో ఉన్న సౌకర్యం కొత్త మోడల్‌లో కనిపించదు. అడిగితే అది పాతకాలపుదని దుకాణదారు నవ్వేస్తాడు. అది నిజంగానే పాతబడిందా, లేక దాన్ని తీసేయడం తయారీదారుకు లాభం కాబట్టి పాతబడిందని మనకు చెబుతున్నారా అన్నది ఏ వస్తువుకు ఆ వస్తువుగా తేల్చుకోవలసిన సంగతి.

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి వ్యాపారం చేసే పాఠకుడి ప్రశ్న: “కొని రెండేళ్లయిన నా ఫోను ఈ ఎండాకాలం మధ్యాహ్నం పూట ఛార్జింగ్ ఎక్కడం లేదు. వెనక మూత కూడా ఒక పక్క కొంచెం పైకి లేచినట్టుంది. మునుపటి ఫోన్లకు మూత తీసి బ్యాటరీ మనమే మార్చుకునేవాళ్లం. ఇప్పుడు దాన్ని లోపల పెట్టి అతికించేయడం ఎందుకు? బ్యాటరీ మార్పించాలా, కొత్త ఫోను కొనాలా?”

మూత పైకి లేచిందంటే లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. కాబట్టి మిగతా చర్చ అంతా తరువాత. ముందు ఆ ఫోనును ఛార్జింగ్‌కు పెట్టడం మానండి, స్విచాఫ్ చేయండి, మూతను వేళ్లతో నొక్కి సరిచేయాలని చూడకండి, చొక్కా జేబులో పెట్టుకుని తిరగకండి. ఉబ్బిన బ్యాటరీకి ఏదైనా గుచ్చుకున్నా, అది వంగినా లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. సర్వీస్ సెంటరులో దాన్ని తీయించడం వాయిదా వేయదగిన పని కాదు.

మధ్యాహ్నం ఛార్జింగ్ ఎక్కకపోవడం మాత్రం చాలావరకు లోపం కాదు, ఫోను తనను తాను కాపాడుకునే ఏర్పాటు. లిథియం అయాన్ బ్యాటరీలో వేడి పెరిగేకొద్దీ లోపలి ఎలక్ట్రోలైట్ అనే రసాయన ద్రవం త్వరత్వరగా విచ్ఛిన్నమవుతుంది, ఆ క్రమంలో వాయువులు పుడతాయి, బ్యాటరీ ఉబ్బడానికి కారణం అవే. అందుకే వేడి ఒక హద్దు దాటగానే ఫోను ముందు ఛార్జింగ్ వేగాన్ని, తెర వెలుగును తగ్గించి, అప్పటికీ చల్లబడకపోతే ఛార్జింగ్‌ను పూర్తిగా ఆపేస్తుంది. ఆపిల్ తన ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండే పరిసరాల్లో వాడమని చెబుతుంది. ఆ 35 డిగ్రీలు కర్నూలులో మే నెలలో పొద్దున పది గంటల వేళకే దాటిపోయే అంకె. ఇక రేకుల షెడ్డు కింద మిట్టమధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ హద్దును గీసినవారు తమ ఊరి వాతావరణాన్ని తలచుకున్నారే తప్ప మన ఎండను లెక్కలోకి తీసుకోలేదని నాకు అనిపిస్తుంది.

దీనికి తోడు ఫాస్ట్ ఛార్జింగ్ తన వేడిని తాను కలుపుతుంది. ఫోను ఛార్జింగ్‌లో ఉండగానే హాట్‌స్పాట్ నడపడం, వీడియో కాల్ మాట్లాడడం, మందపాటి రబ్బరు పౌచ్ తొడిగి ఉంచడం ఆ వేడిని ఇంకా పెంచుతాయి. తెల్లవారుజామునో రాత్రి పడుకునే ముందో పౌచ్ తీసి ఛార్జింగ్ పెట్టుకోవడం, సెట్టింగుల్లో ఉంటే ఫాస్ట్ ఛార్జింగ్‌ను ఎండాకాలం వరకైనా ఆపడం, ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేటట్టు పెట్టుకోవడం బ్యాటరీ ఆయుష్షును పెంచుతాయి. వేడెక్కిందని ఫోనును ఫ్రిజ్‌లో పెట్టేవారు ఉన్నారు. చల్లబడ్డ ఫోను బయటికి రాగానే లోపల తేమ చేరుతుంది కాబట్టి ఆ ప్రయోగం వద్దు.

ఇక అతికించడం గురించి. తయారీదారులు చెప్పే కారణాలు రెండు: నీరు, దుమ్ము లోపలికి పోకుండా ఉంటాయి, మెత్తటి సంచి వంటి బ్యాటరీకి గట్టి పెంకు అక్కరలేదు కాబట్టి అదే స్థలంలో ఎక్కువ సామర్థ్యం పడుతుంది. రెండో కారణం నిజమే. మొదటిది సగం నిజం, ఎందుకంటే 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5 వెనక మూత చేత్తో ఊడివచ్చేది, బ్యాటరీ మార్చుకోవడానికి వీలుండేది, అయినా నీటిని, దుమ్మును తట్టుకునే ఐపీ67 రేటింగ్ దానికి ఉండేది. అంటే అది అసాధ్యమైన పని కాదు, వద్దనుకున్న పని. బ్యాటరీ కూడా సైకిల్ టైరు వంటి సరుకే, వాడేకొద్దీ అరుగుతుంది. అరిగే భాగాన్ని యజమాని మార్చుకోలేని చోట బిగించడం మంచి డిజైన్ అని నేను ఎంత ప్రయత్నించినా ఒప్పుకోలేను. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ నిబంధన కూడా ఈ అభిప్రాయానికే వచ్చింది. వినియోగదారుడే తీసి మార్చుకోగలిగేలా చిన్న పరికరాల బ్యాటరీలు ఉండాలన్న షరతుకు ఆ నిబంధన పెట్టిన తేదీ 2027 ఫిబ్రవరి 18. అయితే ఫోన్ల విషయంలో, వెయ్యి సార్లు ఛార్జి చేసిన తరువాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకుని, నీటిని తట్టుకునే మోడళ్లకు మినహాయింపు దొరికే దారి అక్కడి నియమాల్లోనే ఉంది. కాబట్టి పాత రోజులు అలాగే తిరిగి వస్తాయని ఆశ పెట్టుకోకండి.

మార్పించాలా, కొనాలా అన్నదానికి నా కొలత ఒక్కటే: ఆ మోడల్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా లేదా. వస్తుంటే బ్యాటరీ మార్పించండి. రెండేళ్ల ఫోనుకు సాధారణంగా వస్తుంటాయి. అప్‌డేట్లు ఆగిపోయి ఉంటే, మీరు డబ్బు లావాదేవీలన్నీ ఆ ఫోను మీదే నడుపుతున్నారు కాబట్టి కొత్తది తీసుకోవడమే క్షేమం. ఒకసారి తెరిచిన ఫోనుకు కంపెనీ వేసిన జిగురు పట్టు పోతుంది. తిరిగి సరిగా అతికించకపోతే నీటిని తట్టుకునే గుణం పోయినట్టే అనుకుని వానలో జాగ్రత్తపడండి.

అనంతపురం దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకురాలు: “మా నాయనకు వేరుశనగ చేనులో పని చేస్తూ ఫోనులో ఆకాశవాణి వినడం అలవాటు. కొత్తగా కొనిచ్చిన ఫోనుకు ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రమే లేదు, రేడియో కూడా లేదు. కన్వర్టర్ పిన్ను కొంటే వస్తుందా?”

కన్వర్టర్ పిన్నుతో పాటలు, మాటలు వినబడతాయి గాని ఎఫ్.ఎం. రేడియో వస్తుందని చెప్పలేనమ్మా. ఎఫ్.ఎం. ప్రసారం 100 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో జరుగుతుంది, ఆ తరంగం పొడవు సుమారు 3 మీటర్లు, దాన్ని బాగా పట్టుకోవాలంటే అందులో నాలుగో వంతు, అంటే ముప్పావు మీటరు తీగ కావాలి. అంత తీగ ఫోను లోపల పట్టదు కాబట్టి ఇయర్‌ఫోన్ వైరునే యాంటెనాగా వాడుకునేవారు. రంధ్రం పోయిన చోట ఆ యాంటెనా పోయింది, దానితో పాటు చాలా కంపెనీలు రేడియో యాప్‌ను కూడా తీసేశాయి. ఫోన్లలో ఎఫ్.ఎం. సదుపాయాన్ని నిలిపివేయవద్దని కేంద్ర ఐటీ శాఖ 2023లో తయారీదారులకు సూచించింది. సూచన సూచనగానే ఉండిపోయినట్టుంది.

ఆ 3.5 మిల్లీమీటర్ల రంధ్రం చిన్నదే అయినా దాని వంశం పెద్దది. పందొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడిన పెద్ద పిన్నుకు అది చిన్న రూపం. ఏ కంపెనీ ఇయర్‌ఫోన్ అయినా ఏ కంపెనీ ఫోనుకైనా సరిపోయేది, ఛార్జింగ్ అడిగేది కాదు. 2016 సెప్టెంబరులో ఐఫోన్ 7 నుంచి దాన్ని తీసేసినప్పుడు ఆపిల్ ప్రతినిధి వేదిక మీద ఆ పనిని ధైర్యం అన్నారు; వైర్లు లేని ఎయిర్‌పాడ్స్‌ను ప్రకటించింది కూడా అదే వేదిక మీద, అదే రోజున. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ధైర్యం ఎంతో, వ్యాపారం ఎంతో పాఠకులే తూచుకోవచ్చు. వైర్లు లేని ఇయర్‌ఫోన్లు సుఖమైనవి కావని నేను అనను, కాని వాటిలోని చిటికెడు బ్యాటరీ కొన్నేళ్లలో నీరసించాక మార్చుకునే వీలు ఇంచుమించు ఉండదు. తక్కువ ధర ఫోన్లలో ఈ రంధ్రం ఇప్పటికీ మిగిలి ఉండడం వాటి లోపం అనుకోవడానికి కారణం లేదు.

ప్రసారభారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలు ఇంటర్నెట్ మీద వినబడతాయి. చేనులో సిగ్నల్ నిలకడగా ఉంటే అదొక దారి. లేకపోతే మీ నాయన కోసం చేతిలో ఇమిడే చిన్న రేడియో సెట్టు కొనండి; డేటా అక్కరలేదు, ఫోను బ్యాటరీ మిగులుతుంది, మట్టి చేతులతో తిప్పుకోవడానికి గుండీ ఉంటుంది.

కడప నుంచి ఒక పాఠకుడు: “కారు కొనే ఆలోచనలో ఉన్నాం. ఒక మోడల్‌లో ఏసీతో సహా అన్నీ పెద్ద టచ్‌స్క్రీన్ మీదే ఉన్నాయి, ఇంట్లో అందరికీ అదే నచ్చింది. నాకు గుండీలున్న మోడల్ మీద మనసు. నేను నెలకు రెండు మూడు సార్లు రాయచోటి మీదుగా బెంగళూరు వెళ్లివస్తాను. నాది పాతకాలపు పట్టుదలేనా?”

కాదు. గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో, ముందు ఒక లారీ, వెనక ఒక బస్సు ఉండగా, ఏసీ తగ్గించడానికి తెర మీద ఎక్కడ నొక్కాలో వెతకవలసిన డ్రైవరు పరిస్థితిని ఊహించుకుంటే మీ పట్టుదలకు కారణం ఇంట్లోవారికి కూడా తెలుస్తుంది. గుండీని వేళ్లు గుర్తుపడతాయి, కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. నున్నటి గాజు మీద వేలికి ఆనవాలు ఏదీ తగలదు, కాబట్టి చూపు తిప్పక తప్పదు. స్వీడన్‌లోని వీ బిలాగరే అనే కార్ల పత్రిక 2022లో దీన్ని కొలిచి చూపింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ వేడిని సర్దడం, రేడియో స్టేషను మార్చడం వంటి నాలుగు పనులు చేయమని అడిగితే, గుండీలున్న 2005 నాటి వోల్వో వి70లో అవన్నీ 10 సెకన్లలో ముగిశాయి, ఆ లోపు కారు 306 మీటర్లు నడిచింది. తెర మీద ఆధారపడిన ఎంజీ మార్వెల్ ఆర్‌లో అవే పనులకు 44.9 సెకన్లు పట్టింది, కారు 1,372 మీటర్లు దాటిపోయింది. అంత దూరం డ్రైవరు ధ్యాస సగం తెర మీదే ఉందన్నమాట.

కార్లకే పరిమితమైన గొడవ కూడా కాదిది. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్ ఒక ట్యాంకరు నౌకను ఢీకొని 10 మంది నావికులు మరణించారు. దర్యాప్తులో వెల్లడైన కారణాల్లో శిక్షణ లోపంతో పాటు టచ్‌స్క్రీన్ మీద నడిచే నియంత్రణ వ్యవస్థ తెచ్చిన గందరగోళం ఒకటి. ఆ తరువాత 2019లో ఆ నౌకాదళం తన నౌకల్లో వేగాన్ని నియంత్రించడానికి తిరిగి చేతితో కదిపే మీటలు పెట్టాలని నిర్ణయించింది.

తెరలు ఇంతగా ఎందుకు పెరిగాయంటే, ఒక్కొక్క గుండీకి అచ్చు, తీగ, బిగింపు కావాలి, అదే తెర అయితే ఒక్కటి పెట్టి మిగతాదంతా సాఫ్ట్‌వేర్‌కు వదిలేయవచ్చు. షోరూములో మెరిసిపోయి కనిపించేది కూడా అదే. మ్యాపు, వెనక కెమెరా వంటివాటికి తెర ఉండడమే న్యాయం, అక్కడ గుండీ చేయగలిగింది ఏమీ లేదు. నా అభ్యంతరం నడుపుతూ పదేపదే ముట్టుకునే వాటి గురించి. ఐరోపాలో కార్ల భద్రతను అంచనా వేసే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారను, వైపర్లు, అత్యవసర కాల్ మీట గుండీల రూపంలో లేకపోతే పూర్తి మార్కులు రావని చెప్పింది. ఆ జాబితాలో ఏసీ లేదు, చలిదేశాల జాబితా కదా! మన దగ్గర ఏప్రిల్ మొదలు జూన్ దాకా డ్రైవరు చేయి ఎక్కువసార్లు వెళ్లేది దాని మీదకే.

టెస్ట్ డ్రైవ్‌కు ముందు కారు ఆపి ఉండగానే మీరు, మీ ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరూ కళ్లు మూసుకుని ఏసీ తగ్గించండి, అద్దం మీది ఆవిరి పోగొట్టే మీట నొక్కండి, పాట ఆపండి. స్టీరింగ్ మీది గుండీలతో ఆ పనులు జరిగితే తెర పెద్దదైనా నష్టం లేదు. తరువాత అదే కారును మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి తెర కనిపిస్తోందో లేదో చూడండి. షోరూము నీడలో ఆ సంగతి తేలదు.

ప్రొద్దుటూరు నుంచి డిగ్రీ విద్యార్థి ఒకరు డార్క్ మోడ్ (నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కనిపించే ఏర్పాటు) పెడితే బ్యాటరీ మిగులుతుందా, కళ్లకు మంచిదా అని అడిగారు.

మీ ఫోను తెర ఎల్‌సీడీ అయితే బ్యాటరీ మిగలదు, ఎందుకంటే నల్లగా కనిపించే చోట కూడా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. ఓఎల్ఈడీ లేదా అమోలెడ్ తెర అయితే నల్లని చోట వెలుగు ఆరిపోతుంది కాబట్టి మిగులుతుంది గాని ఎంత అన్నది వెలుగు మీద ఆధారపడి ఉంటుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో కొలిచినప్పుడు, వెలుగు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్న ఫోన్లలో ఆదా సగటున 3 నుంచి 9 శాతమే, పూర్తి వెలుగులో మాత్రం 39 నుంచి 47 శాతం. గదిలో కూర్చుని చదివేవారికి తేడా తెలియకపోవచ్చు. ఎండలో తిరిగేవారికి ఆదా ఉంటుంది, కాని అదే ఎండలో నల్ల తెర మీది అక్షరాలు సరిగా కనబడవు. కళ్ల విషయానికి వస్తే చీకటి గదిలో డార్క్ మోడ్ హాయిగా ఉంటుంది; పాఠాల వంటి పొడుగు రాతలు చదవడానికి తెల్ల తెర మీద నల్ల అక్షరాలే తేలిక, ఆస్టిగ్మాటిజం అనే చూపు దోషం ఉన్నవారిలో చాలామందికి నల్ల తెర మీది తెల్ల అక్షరాలు అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి. సూర్యాస్తమయం తరువాత దానంతట అదే మారేటట్టు సెట్టింగుల్లో షెడ్యూలు పెట్టుకోండి. పరీక్షల రోజుల్లో పీడీఎఫ్‌లు చదివేటప్పుడు మాత్రం తెల్ల తెరకు మార్చి, అక్షరాల పరిమాణం పెంచుకోండి.