గ్రాస్ వేరు, షేర్ వేరు

ప్రశ్న: బీకాం చివరి ఏడాది చదువుతున్నాను. సినిమాలంటే ప్రాణం. నటన, దర్శకత్వం నా వల్ల కావు కాబట్టి సినిమా సంస్థల్లో వ్యాపార విభాగంలో చేరాలనుకుంటున్నాను. అక్కడ పని ఎలా ఉంటుంది? ఎంబీఏ తప్పనిసరా?

జవాబు: సినిమాలంటే ప్రాణమని దరఖాస్తు చేసే ప్రతివారూ రాస్తారు. ఉద్యోగం ఇచ్చేవారికి కావలసింది నలభై పేజీల ఒప్పందాన్ని కునికిపాట్లు పడకుండా చివరిదాకా చదివే మనిషి.

ఒక సినిమాను ముక్కలుగా అమ్ముతారు. థియేటర్, టీవీ, ఓటీటీ, డబ్బింగ్, రీమేక్, విమానాల్లో ప్రదర్శన ఇలా. ఏ హక్కు ఎవరికి, ఏ ప్రాంతానికి, ఎన్నేళ్లకు ఇచ్చారో పట్టికలో నింపడంతోనే కొత్తవారికి చాలాకాలం గడుస్తుంది. ఒక్క పాటలోనే రెండు హక్కులుంటాయి. బాణీ, సాహిత్యాలది ఒకటి, రికార్డింగ్‌ది మరొకటి. చాలాసార్లు యజమానులు కూడా వేరు. ఒకరి అనుమతి తీసుకుని రెండోవారిని మరిచిపోతే నోటీసు వస్తుంది, ఆ రోజు అందరూ మీ పట్టిక వైపే చూస్తారు.

ఇక డబ్బు సంగతి. టికెట్ల మీద నూరు వచ్చిందనుకోండి. అది గ్రాస్. అందులో పన్ను, థియేటర్ల వాటా కలిపి యాభై పోతే మిగిలింది షేర్. పంపిణీదారు కమీషన్ పది, ప్రచార ఖర్చు ఇరవై అయిదు తీసేస్తే నిలిచేది పదిహేను. నిర్మాతకు ముందే ఇరవై అడ్వాన్సు ఇచ్చి ఉంటే? ఆ అడ్వాన్సు తీరడానికే ఇంకా అయిదు వసూలు కావాలి. నూరు చూసి పండగ చేసుకున్న నిర్మాతకు ఈ కాగితం చూపించవలసింది మీరే. (అంకెలు ఉదాహరణకే. వరుస మాత్రం దాదాపు ఇంతే.)

అందుకే లాభంలో వాటా అనే మాట దగ్గర ఆగి చదవాలి. అమెరికాలో హాస్య రచయిత ఆర్ట్ బుక్‌వాల్డ్ తన కథకు రావలసిన లాభంలో వాటా కోసం పారామౌంట్ సినిమా సంస్థపై వేసిన కేసు చూడండి. సినిమా భారీగా వసూలు చేసినా ఒప్పందంలోని లెక్క ప్రకారం నికర లాభమే లేదని సంస్థ వాదించింది. ఆ లెక్కలోని కొన్ని షరతులు అన్యాయమైనవని 1990లో న్యాయమూర్తి తేల్చారు.

తారలను కలుస్తారా అంటే, కలుస్తారు, ఎక్కువగా బకాయిల గురించి మాట్లాడటానికి. మొదట్లో జీతం తక్కువ, విడుదల వారంలో నిద్ర ఉండదు. ఉద్యోగాలు ప్రకటనల కన్నా పరిచయాల ద్వారానే ఎక్కువగా దొరుకుతాయి. ఒక సినిమా పోతే చిన్న సంస్థ తలుపులే మూసుకోవచ్చు. ఇంట్లో వెంటనే మీ జీతం అవసరమైతే, ముందు వేరే చోట రెండేళ్లు అకౌంట్స్ చేసి తర్వాత రండి.

ఎంబీఏకు ఇప్పుడే అప్పు చేయకండి. మీ బీకాం ఇక్కడ బాగానే పనికొస్తుంది. దానికి కాపీరైట్ చట్టం, ఒప్పందాల చట్టం తోడు చేసుకోండి, ఎక్సెల్ మీద చేయి తిరగాలి. ఇంటర్న్‌షిప్‌కు మార్కెటింగ్ వైపు కాకుండా రాయల్టీ లెక్కల విభాగం వైపు ప్రయత్నించండి. సినిమా పిచ్చితో వచ్చినవారెవరూ ఆ గది తలుపు తట్టరు.