టెక్ సందేహాలు: అలారం మీ ఇంట్లో, అడ్మిన్ ఎవరి ఫోన్‌లో?

ప్రశ్న: హన్మకొండలో మా ఇంటికి దొంగల అలారం పెట్టించాం. రాత్రిళ్లు ఊరికే మోగుతోంది. పెట్టినతను వచ్చి సెన్సిటివిటీ తగ్గించి పోయాడు. ఇప్పుడు మనిషి ఎదురుగా నడిచినా పలకడం లేదు. మేడారం జాతరకు ఇల్లంతా తాళం వేసి పోవాలి. నమ్మొచ్చా?

జవాబు: నమ్మొద్దు. కాజీపేట నుంచి మంచిర్యాల దాకా ఇదే ఫిర్యాదు, ఇదే పైపై వైద్యం. సెన్సిటివిటీ తగ్గించడమంటే అలారం నోరు నొక్కడమే. ముందు అది ఎందుకు మోగుతోందో చూడాలి.

గోడ మూలన ఉండే మోషన్ సెన్సర్ చూసేది వేడిలో మార్పును. బల్లి చిన్నదే అయినా లెన్స్ మీదే పాకితే దానికి మనిషంత కనిపిస్తుంది. పురుగూ పుట్రా లోపల దూరకుండా సెన్సర్‌లోకి వైరు పోయే రంధ్రాన్ని సిలికాన్‌తో మూసి, లెన్స్‌ను పొడిబట్టతో తుడవండి. దాని మీద దోమల మందు కొట్టకండి. ఏడెనిమిది అడుగుల ఎత్తున, కూలర్‌కు, ఎండ పడే కిటికీకి ఎదురు కాకుండా బిగించాలి. సెన్సర్ లోపల పల్స్ కౌంట్ జంపర్ (ఎన్ని కదలికలు పసిగట్టాక మోగాలో చెప్పే చిన్న పిన్ను) ఉంటే 2 మీద పెట్టండి. మనిషి దానివైపు నేరుగా వస్తే ఆలస్యంగా, అడ్డంగా నడిస్తే వెంటనే పసిగడుతుంది. పరీక్షించేటప్పుడు రెండు రకాలుగానూ నడిచి చూడండి. మన దగ్గర మే నెలలో గది వేడి ఒంటి వేడికి దగ్గరవుతుంది, తేడా తెలియక సెన్సర్ మందగిస్తుంది. అందుకే తలుపులకు మాగ్నెట్ సెన్సర్లు కూడా ఉండాలి. వాటికీ ఒక తిప్పలుంది: వానాకాలం చెక్క తలుపు ఉబ్బి సరిగా మూసుకోకపోతే, మాగ్నెట్‌కు సెన్సర్‌కు మధ్య సందు పెరిగి ఊరికే మోగుతుంది. సందు ఒక సెంటీమీటరు లోపే ఉంచండి.

ఇక మీరు అడగనిది, నన్ను ఎక్కువ భయపెట్టేది. ఆ అలారం ఆపగలిగేవాళ్లు మీరు కాక ఇంకెవరున్నారు? పెట్టినతను తన ఫోన్‌లో, తన ఈమెయిల్‌తో యాప్ ఖాతా తెరిచి మీకు ‘షేర్’ చేసి పోవడం మామూలైపోయింది. అంటే అడ్మిన్ అతనే. మీరు ఎప్పుడు ఆన్ చేసి ఊరెళ్లారో అతని ఫోన్‌కూ తెలుస్తుంది. అతను మంచివాడే కావచ్చు, ఆ ఫోన్ రేపు ఎవరి చేతికి పోతుందో? ప్యానెల్‌ను, అంటే అలారం అసలు పెట్టెను, రీసెట్ చేయించి, మీ ఖాతాతో మొదటినుంచి కలపండి. సిమ్ వేసే రకమైతే హెచ్చరిక వెళ్లే నంబర్ల జాబితా తెరిచి చూడండి. మొదటి నంబరు అతనిదే అయితే తీసేయండి. మీ నంబరుతో పాటు, జాతరకు రాకుండా ఊళ్లోనే ఉండే బంధువు నంబరు ఒకటి చేర్చండి. మేడారంలో ఆ జనంలో మీ ఫోన్ కలవకపోవచ్చు.

కోడ్ సంగతి మరీ ఘోరం. చాలా ప్యానెళ్లు 1234తోనే వస్తాయి. కొన్ని చవక రకాలు, ఆ కోడ్‌తో ఏ నంబరు నుంచి ఎస్సెమ్మెస్ వచ్చినా మాట వింటాయి. యూజర్ కోడ్ ఒక్కటే మారిస్తే చాలదు, పెట్టినతను సెట్టింగులు మార్చడానికి వాడే ఇన్‌స్టాలర్ కోడ్ వేరే ఉంటుంది, అదీ మార్చాలి. కోడ్ మార్చేదాకా పనిచేయనని మొండికేసే ప్యానెల్ తయారు చేయడం ఏమంత కష్టం? అమ్మేవాళ్లకు పట్టదు, కొనేవాళ్లు అడగరు. కీచైన్ రిమోట్‌లదీ అదే కథ. ఎప్పుడూ ఒకే కోడ్ పంపే ఫిక్స్‌డ్ కోడ్ రిమోట్‌ను కాపీ చేసే పరికరాలు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి. కొనేముందు, నొక్కినప్పుడల్లా కోడ్ మారే రోలింగ్ కోడా అని అడగండి. కాకపోతే వీధిలోంచి రిమోట్ నొక్కడం మానేసి లోపలి కీప్యాడ్ వాడండి. రిమోట్ పోతే పాతవన్నీ తొలగించి, ఉన్నవాటిని ప్యానెల్‌కు మళ్లీ జతచేయాలి.

పోయే ముందురోజు అడాప్టర్ పీకేసి నాలుగు గంటలు బ్యాటరీ మీద నడపండి, చివర్లో సైరన్ మోగించండి. గొంతు నీరసిస్తే 12 వోల్టుల బ్యాటరీ మార్చాల్సిందే. మూడు నాలుగేళ్లకు మించి దాన్ని నమ్మకండి, మన ఎండలకు ఇంకా ముందే పోతుంది. సిమ్ రీచార్జ్ తిరిగొచ్చే తేదీ దాకా ఉందో లేదో చూసుకోండి. పాత ప్యానెల్ 2జీదైతే 4జీ మాత్రమే ఉన్న నెట్‌వర్క్ సిమ్ అందులో పనిచేయదు. తిరిగొచ్చాక సైరన్ మోగుతూ తలుపు తెరిచి ఉంటే లోపలికి పోకండి, బయట్నుంచే 112కు ఫోన్ చేయండి.