హెవీ లైసెన్సు చేతికి వచ్చాక...

(రవాణా రంగంలో పనిచేస్తున్న పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు)

ప్రశ్న: ఇరవై ఏళ్లకు పైగా లారీ నడుపుతున్నాను. మా ఓనరు గారు ఈమధ్యే హెవీ లైసెన్సు వచ్చిన ఇద్దరు కుర్రాళ్లను నా బండి ఎక్కించి, వీళ్లను తయారు చేయమన్నారు. మేము ఏళ్ల తరబడి క్లీనర్లుగా తిరిగి, గురువు గారి చేత తిట్లు తిని పని నేర్చుకున్నాం. వీళ్లు నేరుగా డ్రైవింగ్ స్కూలు నుంచి వచ్చారు. బండి ముందుకు పోనివ్వడం వచ్చు గాని, పక్కన కూర్చుంటే నాకు గుండెదడగా ఉంటోంది. ఎక్కడ మొదలుపెట్టి, ఏ వరసలో నేర్పాలి?
– ఒక డ్రైవరు, రావులపాలెం

జవాబు: మీ గుండెదడకు కారణం ఆ కుర్రాళ్ల అజాగ్రత్త కాకపోవచ్చు. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలనీ, దానికి లెర్నర్ లైసెన్సు తీసుకునే నాటికి తేలికపాటి వాహనం లైసెన్సు కనీసం ఏడాదిగా ఉండాలనీ 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే శిక్షణ 30 రోజులకు, అందులో స్వయంగా బండి నడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదని కేంద్ర నిబంధనల్లో ఉంది. మండపేటలో బియ్యం ఎత్తుకుని చెన్నైలో దింపి తిరిగి రావడానికి మీకు అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. అంటే లైసెన్సు చేతికి వచ్చిన కుర్రాడు స్టీరింగు మీద ఒక పూర్తి ట్రిప్పు పాటి అనుభవం కూడా లేకుండానే మీ దగ్గరకు వస్తున్నాడన్న మాట.

ఇంకొక తేడా కూడా ఉంది. స్కూలు బండిలో నేర్పే మనిషి కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉంటుంది. మీ లారీలో ఎడమ సీటు ముందు ఏమీ ఉండదు కనుక మీకున్న సాధనం మాట ఒక్కటే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. మీరు ‘బ్రేకు, బ్రేకు’ అని అరిచి, అతను విని, కాలు కదిపేలోగా రెండు మూడు లారీల పొడవు దూరం అయిపోతుంది. అందుచేత మొదటి వారం స్టీరింగు మీ దగ్గరే ఉంచుకుని, మీరు చూస్తున్నదీ, దాన్ని బట్టి చేయబోతున్నదీ పైకి చెబుతూ నడపండి. తరువాత సీట్లు మార్చుకుని అదే పని అతని చేత చేయించండి. ‘ముందు ఆటో ఆగేలా ఉంది, వెనక బస్సు దగ్గరైంది, నేను కాలు తీస్తున్నాను’ అని అతను నోటితో చెబుతుంటే, ఏది చూశాడో ఏది చూడలేదో మీకు ముందే తెలిసిపోతుంది. మాట్లాడకుండా నడిపే కుర్రాడి మనసులో ఏముందో పక్క సీటులోంచి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

తిట్ల విషయంలో మాత్రం మీ తరం అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. తిట్లు తిన్న కుర్రాడు అద్దాలు చూడడం మానేసి మీ ముఖం చూస్తాడు. జరిగిన పొరపాటు గురించి బండి పక్కకు తీసి ఆపిన తరువాతే మాట్లాడండి.

నేర్పడం రోడ్డు మీద కాకుండా, ఏదైనా రైసుమిల్లు ఆవరణలో ఖాళీ బండితో మొదలుపెట్టండి. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలి వైపుకు జరుగుతాయి. మూల మీద ఒక ఇటుక పెట్టి, బండి తిప్పమని, ఆ ఇటుక ఏ చక్రం కింద ఎప్పుడు పడుతుందో అతన్నే దిగి చూడమనండి. అతన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, మీరు మోటారు సైకిలు మీద బండి చుట్టూ నెమ్మదిగా తిరిగితే, ఎడమ తలుపు పక్కన, క్యాబిన్ ముందు అడుగున మీరు ఎంతసేపు కనబడకుండా పోయారో అతనికే అర్థమవుతుంది. రివర్సు కూడా ఇక్కడే రావాలి. వెనక నిలబడి చెయ్యి చూపే మనిషి అద్దంలో కనబడకపోతే బండి వెంటనే ఆగిపోవాలన్న అలవాటు మొదటి రోజు నుంచే పడాలి.

ఆ తరువాత వచ్చేది కాలువ గట్టు. మన డెల్టాలో కొత్త డ్రైవర్లకు అసలు పరీక్ష అదే, ఏ స్కూలూ దీన్ని నేర్పదు. ఒక పక్క నిండుగా పారే కాలువ, మరో పక్క పల్లంలో చేలు, మధ్యలో ఒక బండి పట్టే తారు రోడ్డు. ఎదురుగా బస్సు కనబడగానే కుర్రాడికి దారి ఇవ్వాలన్న మర్యాదో, కంగారో కలిగి ఎడమ చక్రాలను అంచులోకి దింపుతాడు. వానాకాలంలో నీరు పీల్చుకున్న నల్లరేగడి అంచు పైకి గట్టిగా కనిపిస్తుంది గాని, లోడు బండి బరువుకు నిలవదు. ఒకసారి ఒరగడం మొదలైన బండిని స్టీరింగు తిప్పి లాగబోతే ఇంకా ఒరుగుతుంది. కనుక గట్టు ఎక్కే ముందే ఎదురు బండి ఎక్కడ తప్పుకోగలదో చూసుకోవడం, తప్పనిసరైతే తారు మీదే ఆగిపోయి వెడల్పున్న చోటికి వెనక్కి తీయడం అతనికి నేర్పండి. ఎదుటివాడు ఎంత హారను కొట్టినా చక్రం అంచు దిగకూడదు. గట్టు మీద నుంచి వంతెన మీదకు తిరిగే చోట రైసుమిల్లులో చేసిన ఇటుక పాఠం పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ లోపలికి జరిగిన వెనక చక్రానికి దొరికేది కాలువే. సార్వా, దాళ్వా కోతల తరువాత రైతులు రోడ్డు మీద ధాన్యం ఆరబోసినప్పుడు, ఆ గింజల మీద గట్టిగా బ్రేకు వేస్తే టైర్లు జారతాయని కూడా అప్పుడే చెప్పండి.

లోడుల సంగతి క్లుప్తంగా చెబుతాను. బియ్యం బస్తాలు బరువును, అంబాజీపేట కొబ్బరికాయలు, గడ్డి లోడు ఎత్తును నేర్పుతాయి. చేపపిల్లలతో వెళ్లే నీళ్ల ట్యాంకు అన్నిటికంటే కష్టం, ఎందుకంటే బండి ఆగినా లోపలి నీరు ఆగక ముందుకు తోస్తుంది. ఐసు కరిగిపోతుందన్న తొందరతో వెళ్లే రొయ్యల లోడును మాత్రం మొదటి ఆరు నెలల్లో కొత్తవాడికి అప్పగించవద్దని మీ ఓనరు గారికి గట్టిగా చెప్పండి.

ఒంటరిగా ఎప్పుడు పంపాలన్నదానికి నెలల లెక్క కంటే నమ్మదగిన గుర్తు ఒకటుంది. మీరు ఏమీ అనకముందే అతను బండి ఆపి, ‘పట్టా తాడు వదులైంది’ అనో, ‘ఈ వంతెన మీద మనం పట్టం, దిగి చూసి వస్తాను’ అనో అంటే, అది ఒక్కసారి కాక తరచుగా జరుగుతుంటే, అతన్ని పంపవచ్చు. ఎంత నున్నగా గేర్లు మార్చినా ఆపవలసిన చోట ఆపని కుర్రాణ్ణి మరికొన్నాళ్లు మీ పక్కనే ఉంచుకోండి.

ప్రశ్న: నాకు హెవీ లైసెన్సు వచ్చి నాలుగు నెలలైంది. మాది చదునైన ప్రాంతం కాబట్టి ఘాట్ రోడ్డు అలవాటు లేదు. నాతో వచ్చే సీనియరు గారు, దిగుడులో న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందని అంటున్నారు. ఆయన మాట కాదనడం ఎలా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: కాదనే తీరాలి. బండి గేరులో ఉండి ఎక్సిలేటర్ మీద కాలు లేనప్పుడు చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. ఎలక్ట్రానిక్ ఇంజన్ ఉన్న నేటి లారీలలో ఆ సమయంలో డీజిల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్ వేస్తే ఇంజన్ తనంతట తాను తిరగాలి కనుక ఆ మేరకు డీజిల్ కాలుతుంది. అంటే మిగులుతుందనుకున్న చోటే ఖర్చవుతోంది. ఈ లెక్కను ఆయనకు వినయంగానే చెప్పండి. ‘అన్నా, మైలేజి నేనూ చూస్తాను, ఒక ట్రిప్పు గేరులో దిగనివ్వండి’ అంటే కాదనే పెద్దవారు తక్కువ.

డబ్బు సంగతి అటుంచినా, మారేడుమిల్లి, సాలూరు ఘాట్లలో న్యూట్రల్‌లో దిగడం ప్రాణాంతకం. ఇంజన్ పట్టు పోయాక బరువంతా బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. అవి కాగిన కొద్దీ లైనింగు పట్టు తగ్గుతుంది, మాటిమాటికీ పెడల్ తొక్కితే బ్రేకులను పనిచేయించే ట్యాంకులోని గాలి ఒత్తిడి కూడా పడిపోతుంది. వేగం పెరిగిన బండిని తిరిగి గేరులోకి తేవడం అనుభవజ్ఞులకే కష్టం. కాబట్టి దిగుడు మొదలవక ముందే ఆగి, గాలి మీటరు చూసుకుని, చిన్న గేరు వేసుకుని, ఎగ్జాస్టు బ్రేకు (ఇంజన్ పొగను అడ్డగించి వేగం తగ్గించేది) ఉంటే దాన్ని వాడుతూ దిగండి. పెడల్‌ను నిరంతరం అదిమి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా ఒకసారి నొక్కి, వేగం తగ్గాక వదలండి. ఇరుకు చోట ఎక్కుతున్న బండికి దారి మీరే ఇవ్వాలి. మొదటిసారి తక్కువ లోడుతో, పగటిపూట వెళ్లేలా ఓనరు గారిని అడగండి.

ప్రశ్న: నా బండి మీద కొత్త డ్రైవరుకు పాత డ్రైవరు చేత శిక్షణ ఇప్పిస్తున్నాను. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? ఇద్దరు ఉన్నారు కాబట్టి రాత్రంతా నడపవచ్చా?
– ఒక లారీ యజమాని, భీమవరం

జవాబు: పూర్తి లైసెన్సు వచ్చిన తరువాత పక్కన ఎవరు కూర్చున్నా, నిర్లక్ష్యంగా నడిపారన్న కేసు స్టీరింగు మీద ఉన్న మనిషి మీదే పడుతుంది. నష్టపరిహారం బాధ్యత యజమానిగా మీదీ, మీ బీమా సంస్థదీ. ఆ తరగతి వాహనానికి లైసెన్సు లేని మనిషికి బండి ఇస్తే బీమా విషయంలో మీరే చిక్కుల్లో పడతారు.

రాత్రి సంగతికి వస్తే, శిక్షణ ఇచ్చే డ్రైవరు పక్క సీటులో ఉన్నంతసేపూ పనిలో ఉన్నట్టే గాని నిద్రలో ఉన్నట్టు కాదు. ఆయన నిద్రపోతే శిక్షణ లేదు, మెలకువగా ఉంటే తన వంతు నడిపే సమయానికి అలసిపోయి ఉంటాడు. రోజుకు 8 గంటల పని, ఏకబిగిన 5 గంటల తరువాత కనీసం అరగంట విశ్రాంతి అని 2025 వరకు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. మొదటి నెలల్లో అర్ధరాత్రి దాటాక బండి ఏదైనా పెట్రోలు బంకులో ఆపించి, ఇద్దరినీ పడుకోనివ్వండి.

ప్రమాదం జరిగితే ఏం చేయాలో కొత్త డ్రైవరుకు ముందే చెప్పి ఉంచండి. గాయపడిన వారికి వైద్యం అందేలా చూడాలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ఆదేశిస్తోంది. జనం ఆగ్రహం వల్ల అది సాధ్యం కాకపోవచ్చునని ఆ సెక్షనే గుర్తించింది. అలాంటప్పుడు అక్కడి నుంచి తప్పుకున్నా, వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా దగ్గరి పోలీసు స్టేషనులో విషయం చెప్పాలి. 108కీ, మీకూ వెంటనే ఫోను చేయమని చెప్పండి. బీమా సంస్థకు సమాచారం ఇచ్చే పని కూడా ఆ డ్రైవరుదే కనుక, పాలసీ కాగితం నకలు బండిలోనే ఉండాలి.