అమ్మ పళ్లకు రూ.2,60,000: ఆ లోన్ మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, నెలకు రూ.46 వేలు చేతికి వస్తుంది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. అమ్మకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. కింది దవడలో రెండు వైపులా పళ్లు కదిలిపోయి ఏమీ నమలలేకపోతోంది. పళ్ల డాక్టరుకు చూపిస్తే మొత్తం రూ.2,60,000 అవుతుందన్నారు. కంపెనీ ఇచ్చిన రూ.3 లక్షల ఆరోగ్య బీమా ఉందన్న ధీమాతో వెళ్లాం, పళ్లకు అది వర్తించదట. వడ్డీ లేని ఈఎంఐ క్లినిక్‌లోనే ఇప్పిస్తామంటున్నారు: 24 నెలలు, నెలకు రూ.10,833. ఆధార్, పాన్ కాపీలు ఇచ్చి వచ్చాను. రొక్కం ఇస్తే 10 శాతం తగ్గిస్తారట. ఒక లోన్ యాప్ రూ.2 లక్షలు ఇస్తానంటోంది. తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి కూడా దొరుకుతుంది. ఏది మంచిది? ఇంటి ఖర్చు అద్దెతో కలిపి రూ.26 వేలు. బండి ఈఎంఐ రూ.4,200, ఇంకా ఐదు నెలలుంది. రూ.2 లక్షల చిట్టీకి నెలకు దాదాపు రూ.10 వేలు కడుతున్నాను, 20 నెలల్లో 7 అయ్యాయి. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ రూ.3 వేలు. బ్యాంకులో రూ.18 వేలు, మ్యూచువల్ ఫండ్‌లో రూ.62 వేలు ఉన్నాయి. అమ్మ బంగారం ఐదు కాసులుంది.

జవాబు: మూడింట్లో ఏదీ వద్దండి. ముందుగా ఒక పని చేయండి. ఇది చదవగానే క్లినిక్‌కు ఫోన్ చేసి, మీ పేరు మీద లోన్ మంజూరైందో లేదో కనుక్కోండి. కాపీలు ఇచ్చి వచ్చానన్నారు కదా, ఆ తర్వాత ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఏదైనా చెప్పి ఉంటే లోన్ ఈపాటికే నడుస్తూ ఉండొచ్చు. అలా అయినా భయపడకండి. డిజిటల్ లోన్లకు రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నిబంధనల ప్రకారం, తీసుకున్నవారు మనసు మార్చుకోవడానికి కనీసం ఒక రోజు గడువు ఇచ్చి తీరాలి. ఆ గడువులోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. గడువు ఎన్ని రోజులో లోన్ వివరాల పత్రంలో రాసి ఉంటుంది. రద్దు సంగతి ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ కూడా పెట్టండి.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం ఉంది. పళ్ల డాక్టరు కుర్చీలోంచి లేచి నేరుగా రిసెప్షన్ బల్ల దగ్గర లోన్ తీసుకుంటున్న ఇళ్లు ఈ మధ్య చాలా ఎక్కువయ్యాయి. అందరూ అడిగేది అప్పు ఎక్కడ తేవాలనే. ఈ డబ్బంతా ఇవాళే ఎందుకు కావాలని మాత్రం ఎవరూ అడగడం లేదు.

మీరు పంపిన అంచనా కాగితం మళ్లీ ఒకసారి చూడండి. 36, 37, 46, 47 (కింది దవడ), 26 (పై దవడ) నంబర్ల పళ్ల స్థానంలో ఇంప్లాంట్లు (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను వేర్లు), ఒక్కోటి రూ.42 వేల చొప్పున రూ.2,10,000. మూడు పళ్లకు రూట్ కెనాల్, క్యాపు కలిపి రూ.36 వేలు. చిగుళ్ల లోతు శుభ్రతకు రూ.6 వేలు. పళ్లు తీయడానికి, స్కానింగ్‌కు రూ.8 వేలు. అన్నీ కలిపితే రూ.2,60,000. ఇందులో అమ్మకు నొప్పి, చీము, వాపు తగ్గించే పనులు ఏవి? చిగుళ్ల శుభ్రత, కదిలే పళ్లు తీయడం, రూట్ కెనాల్. క్యాపుల సంగతి పక్కన పెడితే రూట్ కెనాల్‌కు ఒక్కో పంటికి రూ.5 వేలు అనుకున్నా, ఇవాళ్టి అవసరం రూ.29 వేలు. మిగిలిన రూ.2,31,000 ఆ తర్వాత సంగతి.

తర్వాత అని నేను నా ఇష్టం కొద్దీ అనడం లేదు, వైద్యమే అలా నడుస్తుంది. పన్ను తీశాక ఎముక మానడానికి చాలామందికి కొన్ని నెలలు ఆగుతారు. ఇంప్లాంట్ పెట్టాక అది ఎముకతో కలిసిపోవడానికి మళ్లీ మూడు నాలుగు నెలలు పడుతుంది, ఆ తర్వాతే పైన పన్ను బిగిస్తారు. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి అది అదుపులోకి వచ్చేవరకు ఏ జాగ్రత్తగల డాక్టరూ తొందరపడరు. చిగుళ్లలో చీము ఉంటే షుగర్ అదుపు తప్పుతుంది, షుగర్ ఎక్కువగా ఉంటే చిగుళ్లు మానవు. ఏడెనిమిది నెలల పాటు దశలవారీగా జరిగే పనికి మొదటి రోజే పూర్తి డబ్బు ఎందుకు ఇవ్వాలి? లోన్ తీసుకుంటే జరిగేది అదే. లోన్ సొమ్ము మొత్తం క్లినిక్ ఖాతాలో పడిపోతుంది, వచ్చే నెల నుంచి మీ జీతంలోంచి ఈఎంఐ కోత మొదలవుతుంది. మధ్యలో అమ్మకు ఆరోగ్యం బాగాలేక పని ఆగినా, డాక్టరు ఊరు మారినా, చేసిన పని మీకు నచ్చకపోయినా ఈఎంఐ ఆగదు. దశ పూర్తయ్యాక డబ్బు ఇస్తే మీ మాటకు విలువ ఉంటుంది. ముందే ఇచ్చేస్తే ఏ పట్టూ ఉండదు.

వడ్డీ లేని ఈఎంఐ అనే మాట నమ్మకండి. సున్నా వడ్డీ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజుల్లో దాచి వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు గట్టిగా చెప్పింది. మీ లెక్కే చూద్దాం. రొక్కమైతే రూ.2,34,000. ఈఎంఐ అయితే రూ.2,60,000, పైన రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి రూ.6,136. అంటే రూ.32,136 ఎక్కువ కడుతున్నారు. ఇది ఏడాదికి దాదాపు 13 శాతం వడ్డీతో సమానం. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే రూ.43,200. జీతంలో మిగిలేది రూ.2,800. అందులోంచి రూ.10,833 ఎలా కడతారు? రెండో నెలకే చెక్ బౌన్స్ చార్జీలు, సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నామా అని చూపే మార్కు) దెబ్బ, ఆ పైన ఈఎంఐ కోసం మరో అప్పు. ఇలా మునిగిన కుటుంబాలను చూసే చెబుతున్నాను.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రూ.2,60,000కు నెలకు రూ.5,200 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఇక లోన్ యాప్ జోలికి అసలు పోవద్దు. 2020 చివర్లో తెలంగాణలో ఈ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారి సంగతి మనమంతా చూశాం. ఆ తర్వాతే రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు వచ్చాయి, మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూసే హక్కు ఏ లోన్ యాప్‌కూ లేదని తేల్చింది. అయినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. అమ్మ పళ్ల కోసం మీ బంధువులందరి నంబర్లు తాకట్టు పెట్టకండి. క్రెడిట్ కార్డు కూడా వద్దు, బాకీ ఉంచితే నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది.

ఇప్పుడు అసలు పొరపాటు. బీమా ఉంది కదా అని చేతిలో డబ్బు ఉంచుకోకపోవడం. మన దగ్గర ఆరోగ్య బీమా ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప పళ్ల వైద్యం దాదాపు అన్ని పాలసీల్లోనూ మినహాయింపుల జాబితాలో ఉంటుంది. పళ్లు ఒక్కటే కాదు. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, నెలనెలా మందులు, స్కానింగ్‌లు, ఫిజియోథెరపీ, ఇవన్నీ మన జేబులోంచే పోతాయి. వయసు మీద పడ్డ తల్లిదండ్రులు ఇంట్లో ఉంటే ఈ ఖర్చులు తప్పవు. వీటికి పనికొచ్చే పాలసీ ఒక్కటే, మీ పేరు మీద బ్యాంకులో ఉన్న అత్యవసర నిధి. ప్రీమియం లేదు, క్లెయిమ్ తిరస్కరణ లేదు, వెయిటింగ్ పీరియడ్ లేదు. బయటి రోగుల ఖర్చులిచ్చే అదనపు కవర్లు ఉన్నాయి గానీ, ఇచ్చే పరిమితి, కట్టే ప్రీమియం పక్కపక్కన పెట్టి చూశాకే కొనండి.

మీరు పొదుపు చేయడం లేదని నేను అనను. నెలకు రూ.13 వేలు చిట్టీకి, సిప్‌కు వెళ్తున్నాయి. ఈ జీతంలో అది చాలా గొప్ప సంగతి. కాకపోతే ఆ డబ్బు ఒకటి వేలం పాటలో ఇరుక్కుంది, రెండోది మార్కెట్‌లో ఉంది. ఏడేళ్ల తర్వాతి అవసరానికి దారి వేసుకున్నారు, ఏడు రోజుల్లో వచ్చే అవసరానికి రూ.18 వేలే ఉంచుకున్నారు. మీ కుటుంబానికి నెలకు తప్పనిసరి ఖర్చు చిట్టీతో కలిపి రూ.40 వేలు. మూడు నెలలకు రూ.1,20,000. ఆ మొత్తం చేరేవరకు కొత్త పెట్టుబడి ఏదీ వద్దు. దాన్ని యూపీఐకి కలపని వేరే ఖాతాలో ఉంచండి. ఫోన్‌లో బ్యాలెన్స్ కనబడుతూ ఉంటే ఏదో ఒక పండక్కి, ఏదో ఒక ఆఫర్‌కి కరిగిపోతుంది.

ఖర్చు తగ్గించుకునే దారి మీ ఊరి పక్కనే ఉంది. రాజానగరం వైపు జీఎస్ఎల్, లెనోరా డెంటల్ కాలేజీలున్నాయి, భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉంది. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు విజయవాడలో, కడపలో ఉన్నాయి, హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లో ఉంది. అక్కడ ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పీజీ డాక్టర్లు చేస్తారు. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోవాలి, ఒక్క పనికి మూడు నాలుగుసార్లు తిరగాలి. ఓపిక ఉంటే ప్రైవేటు క్లినిక్ ధరతో పోలిస్తే చాలా తక్కువలో పని అవుతుంది. అమ్మను తీసుకెళ్లి అక్కడ రెండో అంచనా తీసుకోండి. ఐదు ఇంప్లాంట్లూ అవసరమా, ప్రస్తుతానికి తీసి పెట్టుకునే కట్టుడు పళ్లతో నమలగలరా అని సూటిగా అడగండి. వైద్యం నిర్ణయించేది డాక్టరే, కానీ దారులన్నీ మీ ముందు పెట్టమని అడిగే హక్కు మీకుంది.

ఆరోగ్యశ్రీ లాంటి పథకాల మీద ఆశ పెట్టుకోకండి, దవడ ఎముక విరగడం, నోటి క్యాన్సర్ లాంటివాటికే తప్ప ఇంప్లాంట్లకు రావు. నెల జీతం రూ.21 వేల లోపున్న పాఠకులు మాత్రం ఈఎస్ఐ ఆసుపత్రిలో పళ్ల విభాగానికి తప్పక వెళ్లండి. పీఎఫ్ ముట్టుకోవద్దు.

మీరు చేయాల్సింది ఇదీ. ఇప్పటి రూ.29 వేలకు మ్యూచువల్ ఫండ్‌లోంచి రూ.20 వేలు తీయండి, రూ.9 వేలు బ్యాంకులోంచి వాడండి. సిప్ ఆపండి. నెలకు రూ.5,800 మిగులుతుంది. రూట్ కెనాల్ చేసిన పళ్లకు క్యాపులు మరీ ఆలస్యం చేయకూడదు, ఆ పళ్లు పెళుసుగా మారి విరుగుతాయి. వాటికి కావాల్సిన రూ.21 వేలు నాలుగు నెలల్లో సమకూరుతుంది. డాక్టరు అంతకాలం ఆగొద్దంటే ఫండ్‌లో మిగిలిన డబ్బులోంచి ఇచ్చి, తర్వాత నింపుకోండి. ఐదు నెలల తర్వాత బండి ఈఎంఐ కూడా అయిపోతుంది, నెలకు సరిగ్గా రూ.10 వేలు. అది పూర్తిగా అత్యవసర నిధికే. చిట్టీ ఇప్పుడే పాడకండి, ఎనిమిదో నెలలో పాడితే పాటలో చాలా పోతుంది. 16, 17 నెలల దాకా ఆగి పాడుకుంటే పోయేది తక్కువ. ఆ డబ్బుతో ముందు ఒకవైపు రెండు ఇంప్లాంట్లు వేయించండి, ఒకవైపు గట్టిగా నమలగలిగితే అమ్మకు చాలా మేలు. అంతవరకు ఆగడం కష్టమని డాక్టరు అంటేనే, ఆ రెండింటి ఖర్చు రూ.84 వేల మేరకు మాత్రం అమ్మ అనుమతితో బ్యాంకులో బంగారం పెట్టండి. అప్పుడు కూడా మొత్తం ఐదింటికి తేవద్దు.

ప్రతి దశకు విడిగా బిల్లు రాయమని, పని పూర్తయ్యాకే డబ్బు ఇస్తానని క్లినిక్‌లో ముందే చెప్పండి. ఒప్పుకోకపోతే వేరే చోటు చూసుకోండి. కాలేజీ నుంచి రెండో అంచనా తీసుకున్నాక రెండు కాగితాలూ నాకు పంపండి, పక్కపక్కన పెట్టి ఏది ఎప్పుడు చేయించాలో, ఎంత ఎక్కడి నుంచి తీయాలో మళ్లీ లెక్క వేసి చెబుతాను.